8 వేలలో రెట్రో హ్యాండ్‌హెల్డ్: కాంట్రా, ముస్తఫా, టెక్కెన్ 3 ఆడాలి. ఏది కొనాలి?

ఓరుగల్లు_వినయ్
రెట్రో హ్యాండ్‌హెల్డ్ (పాత గేములు ఆడే చేతి మెషిన్) ఒకటి కొందామని మొదలుపెట్టి యూట్యూబ్ రివ్యూల్లో మునిగిపోయాను. చూసేకొద్దీ అయోమయం పెరుగుతోంది. ఆన్‌బెర్నిక్ ఒక్క కంపెనీకే ఆర్‌జీ35ఎక్స్ఎక్స్ అని ఒకటి, దానికి మళ్లీ ప్లస్, హెచ్, ఎస్‌పీ. అవి కాక 28, 34, 40, క్యూబ్. ఆర్టీసీ బస్సు నంబర్లు గుర్తుపెట్టుకోవడం ఇంతకంటే తేలిక.

బడ్జెట్ 8 వేలు, గట్టిగా లాగితే 9. ఆడాలనుకుంటున్నవి: కాంట్రా, మారియో లాంటి చిన్నప్పటి క్యాసెట్ గేములు, పార్లర్‌లో ఆడిన ముస్తఫా, గేమ్‌బాయ్ అడ్వాన్స్‌లో పోకెమాన్, పీఎస్1 (మొదటి ప్లేస్టేషన్)లో టెక్కెన్ 3. వీలైతే పీఎస్2లో జీటీఏ శాన్ ఆండ్రియాస్ కూడా. కాజీపేట, సికింద్రాబాద్ మధ్య రైల్లో తిరుగుతుంటాను, ఎక్కువగా అక్కడే ఆడతాను. ఏది తీసుకోమంటారు?

నైట్‌షిఫ్ట్_రాజు
మియూ మినీ ప్లస్ కొనెయ్. ఇక రివ్యూలు చూడకు.

కోఠి_కుర్రాడు
శాన్ ఆండ్రియాస్ అన్న ముక్క కొట్టేస్తే 8 వేలు చాలు. ఉంచితే 20 దాటుతుంది. ముందు అది తేల్చుకో.

పిక్సెల్_పంతులు
ఆటల లిస్టు ముందే రాయడం మంచి పని. చాలామంది మెషిన్ కొన్నాక అందులో ఏం ఆడాలా అని ఆలోచిస్తారు.

లిస్టులో అన్నిటికంటే బరువైన ఆట ఏదో చూస్తే చిప్ సంగతి తేలిపోతుంది. క్యాసెట్ గేములు, గేమ్‌బాయ్, ముస్తఫా, పీఎస్1 వరకైతే రాజు చెప్పిన మియూ మినీ ప్లస్ చాలు. దాని ర్యామ్ 128 ఎంబీ మాత్రమే, అయినా ఈ పనికి సరిపోతుంది. ఇక ఆన్‌బెర్నిక్ సంగతి: నువ్వు రాసిన ప్లస్, హెచ్, ఎస్‌పీ, 28, 34, 40, క్యూబ్ అన్నిటి లోపలా ఉన్నది ఒకే చిప్, ఆల్‌విన్నర్ హెచ్700. అంటే ఇది నడిచే ఆట దాంట్లో నడవదేమో అన్న బెంగ అక్కర్లేదు. తేడా అంతా తెర సైజులో, బటన్ల అమరికలో, జేబులో పట్టడంలో. పేరు చివర ఏమీ లేని పాత ఆర్‌జీ35ఎక్స్ఎక్స్ మాత్రం వేరు. అది 2022 చివర్లో వచ్చింది, చిప్ పాతది, వైఫై లేదు. తక్కువకి వస్తోందని ఎవరైనా అంటగడితే చూసుకో.

హెచ్700 మీద పీఎస్‌పీ (సోనీ చేతి మెషిన్) తేలికపాటి ఆటలు నడుస్తాయి, గాడ్ ఆఫ్ వార్ లాంటివి నడవవు. డ్రీమ్‌కాస్ట్, ఎన్64 అనే పాత కన్సోళ్ల ఆటలు కొన్ని ఆడతాయి, కొన్ని ఈడుస్తాయి. పీఎస్2 ఊసే ఎత్తొద్దు.

డల్లాస్_శీను
ఇంత ఆలోచన ఎందుకు? రెట్రాయిడ్ పాకెట్ 5 తీసుకుంటే పీఎస్2 దాకా ఆడుకోవచ్చు. స్నాప్‌డ్రాగన్ 865, 5.5 అంగుళాల అమోలెడ్ తెర. విడుదలప్పుడు 219 డాలర్లే.

కోఠి_కుర్రాడు
"219 డాలర్లే" అట. ఆ "లే" ఒక్కటీ రూపాయల్లోకి మార్చి పంపించు శీనూ.

బెజవాడ_బాబాయ్
😂

సిరి_వైజాగ్
శాన్ ఆండ్రియాస్ కోసం పీఎస్2 ఎమ్యులేటర్ (పాత మెషిన్‌ని అనుకరించే సాఫ్ట్‌వేర్) దేనికి? ఆ ఆట 2013లోనే ఫోన్లకి విడిగా వచ్చింది. డబ్బు కట్టి కొనుక్కుని, బ్లూటూత్ కంట్రోలర్ జత చేసుకుంటే హాయిగా నడుస్తుంది. పీఎస్2లో ఇంకేమీ వద్దంటే వినయ్ గారి బడ్జెట్ సమస్య అక్కడితో తీరిపోయినట్టే.

ఓరుగల్లు_వినయ్
ఇది నాకు తట్టనే లేదు, థాంక్స్ సిరి గారూ. పీఎస్2 లిస్టులోంచి తీసేశాను. మిగతావాటికి చెప్పండి.

ఫోనుందిగా_మావా
మరి మిగతావి కూడా ఫోన్‌లోనే ఆడొచ్చుగా? ఆండ్రాయిడ్‌లో రెట్రోఆర్క్ అనే ఎమ్యులేటర్ యాప్ ఎప్పటినుంచో ఉంది. ఐఫోన్‌లో కూడా 2024 ఏప్రిల్‌లో ఆపిల్ రెట్రో ఎమ్యులేటర్లకి తలుపు తీసింది, డెల్టా యాప్ వచ్చింది. 8 వేలు పెట్టి 3.5 అంగుళాల తెర కొనడం ఏమిటి, జేబులో 6.5 అంగుళాలది పెట్టుకుని?

పిక్సెల్_పంతులు
తెర మీద వేలితో కాంట్రా ఆడి చూశావా? మూడో స్టేజ్‌లో జలపాతం ఎక్కేటప్పుడు బటన్ ఎక్కడుందో చూడాలా, గట్టు ఎక్కడుందో చూడాలా?

ఫోనుందిగా_మావా
ఫోన్‌కి రెండు పక్కలా బిగించుకునే కంట్రోలర్లు ఉన్నాయిగా.

నైట్‌షిఫ్ట్_రాజు
ఉన్నాయి. బ్యాగ్‌లోంచి తీసి, ఫోన్ కవర్ ఊడదీసి, బిగించి, ఆట మొదలెట్టేసరికి మేనేజర్ ఫోన్. మళ్లీ ఊడదీయడం. విడిగా మెషిన్ ఎందుకంటే అందులో ఎవరూ ఫోన్ చేయలేరు కాబట్టి.

నేను మియూ అన్నదానికి కారణం కూడా చెప్తాను. అందులో ఆనియన్ ఓఎస్ అనే సిస్టమ్ ఎక్కిస్తే, ఆట మధ్యలో పవర్ బటన్ కాస్త నొక్కిపట్టగానే ఉన్నచోట సేవ్ చేసి ఆఫ్ అవుతుంది. మళ్లీ ఆన్ చేస్తే మెనూలూ అవీ లేకుండా నేరుగా అక్కడి నుంచే. స్టేషన్ వచ్చిందని హడావిడిగా దిగేవాళ్లకి ఇంతకంటే ఏం కావాలి?

సిరి_వైజాగ్
ఆ సుఖం ఇప్పుడు ఆన్‌బెర్నిక్ మీద మ్యూఓఎస్ అనే సిస్టమ్‌లోనూ ఉంది రాజు గారూ. మియూ ముద్దుగా ఉంటుంది, కాదనను. కానీ నిలువు మెషిన్. పెద్ద చేతులున్నవాళ్లు టెక్కెన్ లాంటిది అరగంట ఆడితే బొటనవేళ్లు మడిచే కూర్చోవాలి. వినయ్ గారి చేతులు పెద్దవా, చిన్నవా?

ఓరుగల్లు_వినయ్
క్రికెట్‌లో వికెట్ కీపర్‌ని. పెద్దవే అనుకుంటా.

సిరి_వైజాగ్
అయితే అడ్డంగా ఉండేదే తీసుకోండి. ఆర్‌జీ35ఎక్స్ఎక్స్ హెచ్ లేదా ఆర్‌జీ40ఎక్స్ఎక్స్ హెచ్.

పిక్సెల్_పంతులు
ఆగండాగండి, పోకెమాన్ సంగతి మర్చిపోతున్నారు. తెర లెక్క ఒక్కసారి చూడండి.

గేమ్‌బాయ్ అడ్వాన్స్ చిత్రం 240×160 పిక్సెళ్లు. ఆర్‌జీ35ఎక్స్ఎక్స్, ఆర్‌జీ40ఎక్స్ఎక్స్, మియూ అన్నిటి తెర 640×480. 640ని 240తో భాగిస్తే 2.67 చిల్లర. అంటే ఆటలో ఒక పిక్సెల్ తెర మీద ఒకచోట రెండు చుక్కలు, ఇంకోచోట మూడు చుక్కలు ఆక్రమిస్తుంది. పోకెమాన్‌లో గడ్డి మీద పక్కకి నడవండి: గడ్డి గీతల్లో ఒకటి లావుగా, ఇంకోటి సన్నగా కనిపిస్తూ, నడిచినంతసేపూ గడ్డి మెలికలు తిరుగుతుంది. ఫిల్టర్ పెడితే తగ్గుతుంది కానీ చిత్రం కాస్త మసకబారుతుంది. ఆర్‌జీ34ఎక్స్ఎక్స్ తెర 720×480. సరిగ్గా మూడు రెట్లు. ఒక్క చుక్క కూడా అటూ ఇటూ పోదు.

బెజవాడ_బాబాయ్
పంతులూ, నాకు చత్వారం వచ్చి చాలాకాలమైంది. చుక్క రెండా మూడా అన్నది దేవుడెరుగు, అక్షరాలు కనపడితే అదే పదివేలు. ఆర్‌జీ28ఎక్స్ఎక్స్ మా అబ్బాయి దగ్గర చూశాను, 2.8 అంగుళాలు. పోకెమాన్‌లో ఎవడేమంటున్నాడో చదవాలంటే కళ్లజోడు మీద ఇంకో కళ్లజోడు కావాలి. నలభై దాటినవాళ్లు 4 అంగుళాలకి తక్కువ కొనొద్దు, అంతే.

సిరి_వైజాగ్
పంతులు గారి లెక్క కరెక్టే కానీ వినయ్ గారికి పోకెమాన్ ఒక్కటే కాదుగా. పీఎస్1 ఆటలు ఎక్కువగా 320×240 చుట్టుపక్కల ఉంటాయి. 640×480 మీద అవి సరిగ్గా రెండు రెట్లు, తెర నిండా వస్తాయి.

పిక్సెల్_పంతులు
34లో కూడా రెండు రెట్లే వస్తుంది. 720లో మధ్యన 640 వాడుకుని, రెండు పక్కలా 40 చుక్కల నల్ల పట్టీ వదులుతుంది. రెండూ శుభ్రంగా చూపిస్తుంది.

సిరి_వైజాగ్
చూపిస్తుంది, ఎంత సైజులో? 34 తెర 3.4 అంగుళాలు, పైగా వెడల్పు ఎక్కువ, ఎత్తు తక్కువ. టెక్కెన్ బొమ్మ ఎత్తు లెక్కేస్తే సుమారు 1.9 అంగుళాలు. ఆర్‌జీ35ఎక్స్ఎక్స్ హెచ్‌లో 2.1. ఆర్‌జీ40ఎక్స్ఎక్స్‌లో 2.4. బాబాయ్ గారు చెప్పిన పాయింట్ మళ్లీ ఇక్కడికే వస్తుంది.

ఇంకోటి, 34లో అనలాగ్ స్టిక్‌లు (బొటనవేలితో అటూ ఇటూ తిప్పే పుల్లలు) లేవు. టెక్కెన్‌కి అక్కర్లేదు, నిజమే. కానీ పీఎస్1లో ఏప్ ఎస్కేప్ లాంటివి రెండు స్టిక్‌లూ లేకపోతే ఆడలేం.

కోఠి_కుర్రాడు
డిగ్రీలో కూడా ఇన్ని భాగహారాలు చేయలేదు నేను.

డల్లాస్_శీను
లెక్కల మీద అంత ప్రేముంటే అనలాగ్ పాకెట్ కొనండి పంతులు గారూ. 1600×1440 తెర. గేమ్‌బాయ్ 160×144. నిలువుగా పది, అడ్డంగా పది. ఎమ్యులేటర్ కూడా కాదు, ఎఫ్‌పీజీఏ చిప్‌లో పాత మెషిన్ సర్క్యూట్‌నే మళ్లీ కట్టినట్టు ఉంటుంది. అసలు క్యాట్రిడ్జ్‌లే పెట్టి ఆడొచ్చు.

పిక్సెల్_పంతులు
దాని మీద కన్నేసి చాలాకాలమైంది శీనూ. ఇంట్లో చెప్పే ధైర్యమే లేదు.

లక్ష్మి_ఇంట్లో_ఇద్దరు
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. మా పిల్లలు 9, 12. ట్యాబ్‌లో గేమ్ పెడితే మూడు నిమిషాలకొక యాడ్, ఆ యాడ్‌లో ఇంకో గేమ్, "డైమండ్లు కొను" అని పోరు. ఈ మెషిన్లలో యాడ్స్ రావుగా? ఇద్దరూ కలిసి ఆడుకునే వీలుందా? లేకపోతే దాని కోసం కొట్టుకుంటారు.

సిరి_వైజాగ్
యాడ్స్ రావండీ, డైమండ్లూ లేవు. వైఫై వివరాలు ఎక్కించకపోతే ఇంటర్నెట్టే ఉండదు. ఇద్దరు ఆడాలంటే ఆర్‌జీ35ఎక్స్ఎక్స్ హెచ్‌లో మినీ హెచ్‌డీఎంఐ పోర్ట్ ఉంది. టీవీకి కలిపి, కంట్రోలర్ జత చేస్తే ఇద్దరూ సోఫాలో కూర్చుని ఆడుకోవచ్చు. ఒక్కటే గమనించండి, కేబుల్ మినీ హెచ్‌డీఎంఐది అడగాలి. మామూలుది పట్టదు, మైక్రో అని ఇచ్చేది కూడా పట్టదు.

ముస్తఫా_3ప్లేయర్
ఎవరో ముస్తఫా అన్నారని వచ్చాను.

కోఠి_కుర్రాడు
నీ పేరు చూస్తేనే తెలుస్తోంది అన్నా.

ముస్తఫా_3ప్లేయర్
మా వీధి చివర పార్లర్‌లో మూడు స్టిక్‌ల మెషిన్ ఉండేది. రూపాయికి ఒక కాయిన్. మధ్యలో నిలబడేవాడు కాస్త సన్నగా ఉండాలి, లేకపోతే అటు ఇటు వాళ్ల మోచేతులు డొక్కల్లో దిగేవి. కారు ఎక్కి అందర్నీ గుద్దుకుంటూ పోయే స్టేజ్ వచ్చిందంటే చూసేవాళ్లతో కలిపి పదిమంది అరుపులు. ఆటకి అసలు పేరు క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్ అని, క్యాప్‌కామ్ 1993లో తీసిందని చాలా ఏళ్లకి గానీ తెలియలేదు. మన దేశమంతా అది ముస్తఫానే.

వినయ్ బ్రో, అది ఈ మెషిన్లన్నిట్లోనూ సాఫీగా నడుస్తుంది. కాకపోతే పార్లర్ ఆటలతో ఒక తిరకాసు ఉంది. ఫైల్ పేరు డైనో అని ఉంటుంది. అదే పేరుతో ఉన్న ఫైల్ ఒక ఎమ్యులేటర్‌లో నడిచి ఇంకోదాంట్లో నల్ల తెర చూపిస్తుంది. మేమ్ 2003 ప్లస్ అనే ఎమ్యులేటర్‌కి కావలసిన ఫైళ్ల సెట్ వేరు, ఫైనల్‌బర్న్ నియోకి కావలసిన సెట్ వేరు. ఆట పాడైందని అనుకోకుండా మెనూలో కోర్ (ఆటని నడిపే ఎమ్యులేటర్) మార్చి చూడు. జిప్ ఫైల్‌ని విప్పొద్దు, అలాగే ఉంచాలి.

ఓరుగల్లు_వినయ్
ఆ ఫైల్ ఎక్కడ దొరుకుతుంది అన్నా?

అడ్మిన్_చావడి
ఆటల ఫైళ్ల లింకులు ఇక్కడ అడగొద్దు, ఇవ్వొద్దు. ప్రైవేట్ మెసేజ్‌లో కూడా వద్దు. మెషిన్ల గురించి ఎంతసేపైనా మాట్లాడుకోండి.

కోర్టు_పక్షి
అడ్మిన్ గారు అన్నది నిజం. 1957 కాపీరైట్ చట్టంలో 52(1)(ఎఎ) కింద, చట్టబద్ధంగా మన దగ్గరున్న ప్రోగ్రామ్‌కి పోతే పనికొస్తుందని బ్యాకప్ తీసుకోవచ్చు. అంతవరకే. పెట్టెతో పాటు వేల ఆటలు నింపిన కార్డు అమ్మడం ఏ రకంగానూ దాని కిందికి రాదు.

కోఠి_కుర్రాడు
పక్షి గారూ, మన చిన్నప్పటి "9999 ఇన్ 1" పసుపు క్యాసెట్ ఏమన్నా లైసెన్స్‌తో వచ్చిందా?

కోర్టు_పక్షి
రాలేదు. అప్పుడు చేశారు కాబట్టి ఇప్పుడు చేయొచ్చని చట్టంలో ఎక్కడా లేదు. పాతవాటి జోలికి ఎవరూ రారులే అనుకునేవాళ్లకి ఇంకో మాట. 2024లో నింటెండో వేసిన కేసులో స్విచ్ ఎమ్యులేటర్ యూజు వాళ్లు 24 లక్షల డాలర్లు కట్టి దుకాణం మూసుకున్నారు. అది అమ్మకంలో ఉన్న మెషిన్ వ్యవహారం, ముప్పై ఏళ్లు దాటిన కాంట్రా కాదు, ఒప్పుకుంటాను. అయినా ఆట కొనే దారి ఉంటే కొనండి.

ముస్తఫా_3ప్లేయర్
కొనే దారి ఉంటే కదా పక్షి గారూ. క్యాప్‌కామ్ 2018లో ఇలాంటి పాత కొట్లాట ఆటలు ఏడు కలిపి బండిల్‌గా అమ్మింది. ఫైనల్ ఫైట్ ఉంది, కెప్టెన్ కమాండో ఉంది. ముస్తఫా లేదు. అది అమెరికన్ కామిక్స్ హక్కులు తీసుకుని చేసిన ఆట. డబ్బు చేత్తో పట్టుకుని నిలబడినా ఎవడూ అమ్మడం లేదు.

కోర్టు_పక్షి
ఆ బాధ అర్థమవుతుంది. సెక్షన్‌కి అర్థం కాదు.

అనంత_బ్యాటరీ
అసలు పాత పీఎస్‌పీ సంగతి ఎవరూ ఎత్తట్లేదేం? సెకండ్ హ్యాండ్‌లో 3000 మోడల్ తీసుకుంటే పీఎస్1 ఆటల్ని సోనీ సొంత సాఫ్ట్‌వేరే ఆడిస్తుంది, పీఎస్‌పీ ఆటలు ఎలాగూ ఉంటాయి. చేతిలో పట్టుకుంటే ఆ నాణ్యతే వేరు.

పిక్సెల్_పంతులు
నాణ్యత ఒప్పుకుంటాను. కానీ కొనేముందు వెనక మూత తీసి బ్యాటరీ చూడాలి. పాత పీఎస్‌పీ బ్యాటరీలు ఉబ్బుతాయి. మూత సరిగా పడకుండా కాస్త లేచి ఉంటే తీసుకోకు. తెర 480×272, పాతకాలం ఎల్‌సీడీ, రైల్లో కిటికీ పక్కన ఎండలో కష్టం. మెమొరీ కార్డ్ సోనీది వేరే రకం, మైక్రో ఎస్‌డీ పెట్టాలంటే అడాప్టర్ కావాలి. సరదా ఉన్నవాడికి బాగుంటుంది. మొదటి మెషిన్‌గా వద్దు.

అనంత_బ్యాటరీ
నా యూజర్ పేరు అలా వచ్చిందే 😅

ఓరుగల్లు_వినయ్
సరే, 35 హెచ్, 35 ఎస్‌పీ, 40 హెచ్ మధ్యకి వచ్చాను. ఎస్‌పీ మడిచే మోడల్ కదా, రైల్లో జేబులో వేసుకుంటే తెరకి గీతలు పడవని ఆశ.

నైట్‌షిఫ్ట్_రాజు
ఎస్‌పీ మూత టప్పున మూస్తే వచ్చే సుఖం దేంట్లోనూ రాదు. ఆట కూడా అక్కడే నిద్రపోతుంది.

సిరి_వైజాగ్
ఎస్‌పీలో ఎల్, ఆర్ బటన్లు మడత దగ్గర ఇరుకుగా ఉంటాయి. టెక్కెన్‌కి నాలుగు బటన్లే కాబట్టి ఇబ్బంది లేదు. ఎల్1, ఎల్2 మాటిమాటికీ నొక్కే ఆటలైతే వేలు కొంకర్లు పోతుంది. స్టిక్‌లు కూడా లేవు.

ఎక్కడైనా చేతిలోకి తీసుకునే అవకాశం దొరికితే డీప్యాడ్‌కి (నాలుగు దిక్కుల బటన్‌కి) ఈ పరీక్ష చేయండి. కాంట్రా పెట్టి, కుడివైపు బటన్ నొక్కిపట్టి పరిగెత్తిస్తూ, వేలు ఎత్తకుండా బొటనవేలిని కొద్దిగా పైకీ కిందికీ దొర్లించండి. మీరు పైకి నొక్కకుండానే తుపాకీ ఏటవాలుగా లేస్తోందంటే డీప్యాడ్ అతి చేస్తోందన్నమాట. టెక్కెన్‌లో అదే జబ్బు ఉంటే ముందుకి వెళ్లమన్నప్పుడల్లా మీవాడు గెంతుతాడు. స్పెక్స్ షీట్‌లో ఇది ఎక్కడా రాయరు. ఒకే మోడల్‌లో రెండు పీసుల మధ్య కూడా తేడా ఉంటుంది.

ఓరుగల్లు_వినయ్
హైదరాబాద్‌లో షాపుల్లో దొరుకుతాయా? సికింద్రాబాద్ కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో?

కోఠి_కుర్రాడు
సీటీసీలో, కోఠి గుజరాతీ గల్లీలో అడుగు. ఉంటే ఉంటాయి, లేకపోతే లేవు. ఒకటి గుర్తుపెట్టుకో: గేమ్ మెషిన్ అనగానే కొందరు "400 ఇన్ 1" అని అరచేతిలో పట్టే రంగురంగుల డబ్బా చూపిస్తారు. వందల్లో వస్తుంది. అందులో ఉన్నవి క్యాసెట్ కాలం ఆటలే, పీఎస్1 రాదు, ముస్తఫా రాదు, కొత్త ఆట ఎక్కించడానికీ కుదరదు. పిల్లాడి పుట్టినరోజుకి ఇవ్వడానికి పర్లేదు.

మిగతాదంతా ఆన్‌లైన్. అలీఎక్స్‌ప్రెస్ 2020 నవంబర్ నుంచి మన దగ్గర బంద్. కంపెనీ సైట్ నుంచి తెప్పించుకుంటే కొరియర్ వాడు ఆధార్ లాంటి కేవైసీ అడుగుతాడు, డ్యూటీ కట్టించుకుంటాడు. ఇక్కడి రీసెల్లర్ల దగ్గర ధర ఎక్కువ, కానీ పాడైతే అడగడానికి మనిషంటూ ఉంటాడు.

అనంత_బ్యాటరీ
గిఫ్ట్ అని రాయించి పంపమంటే డ్యూటీ పడదుగా?

కోర్టు_పక్షి
అది పాత మాట. 5 వేల లోపు గిఫ్ట్‌లకి ఉన్న ఆ మినహాయింపుని 2019 డిసెంబర్‌లో తీసేశారు. రాఖీలకీ ప్రాణాలు నిలిపే మందులకీ తప్ప.

బెజవాడ_బాబాయ్
రాఖీకి కట్టి పంపమని చెప్పు శీనూ మీ చెల్లెలికి.

డల్లాస్_శీను
😂 ఇండియా వచ్చేటప్పుడు నేనే తెస్తాలే బాబాయ్. సామాన్లో ఒక హ్యాండ్‌హెల్డ్ ఉంటే ఫ్రీ అలవెన్స్‌లోనే పోతుంది. బ్యాటరీ వస్తువు కాబట్టి చేతి బ్యాగ్‌లో పెట్టుకుంటాను.

పీఎస్2 అన్నారు కాబట్టి గుర్తొచ్చింది. 2009లో పీఎస్2కి వచ్చిన హనుమాన్: బాయ్ వారియర్ మన హైదరాబాద్‌లో తయారైన ఆటే. ఎవరికైనా గుర్తుందా?

పిక్సెల్_పంతులు
ఆడాను. దానికోసం పీఎస్2 మెషిన్ కొనక్కర్లేదని మాత్రం చెప్పగలను.

లక్ష్మి_ఇంట్లో_ఇద్దరు
నేను 35 హెచ్ ఆర్డర్ పెట్టేశాను, ఇక్కడి రీసెల్లర్ దగ్గరే. రాగానే ముందు ఏం చేయాలి?

సిరి_వైజాగ్
పెట్టెతో వచ్చిన ఎస్‌డీ కార్డు తీసి పక్కన పెట్టండి. దాని మీద ఏ పేరూ ఉండదు. నాకు మొదటి మెషిన్‌తో వచ్చిన కార్డు కొన్నాళ్లకే చచ్చింది, పోకెమాన్‌లో ఎనిమిది బ్యాడ్జీలు సంపాదించిన సేవ్‌తో సహా. మంచి కంపెనీ కార్డు కొనండి, అది కూడా నమ్మకమైన షాపులో. నకిలీలు బాగా తిరుగుతున్నాయి. హెచ్‌లో రెండు స్లాట్లు ఉంటాయి: ఒకదాంట్లో సిస్టమ్, రెండోదాంట్లో ఆటలు పెట్టుకుంటే సిస్టమ్ మార్చినా ఆటలు కదలవు.

సిస్టమ్ కార్డుని విండోస్ కంప్యూటర్‌కి పెడితే "ఈ డిస్క్‌ని ఫార్మాట్ చేయాలా" అని ఒక పెట్టె వస్తుంది, ఒక్కోసారి రెండు మూడు వరసగా వస్తాయి. అన్నిటికీ క్యాన్సిల్ కొట్టండి. అది లైనక్స్ విభాగం, విండోస్‌కి చదవడం రాదు కాబట్టి అలా అడుగుతుంది. ఓకే అన్నారంటే మళ్లీ మొదటినుంచీ.

నైట్‌షిఫ్ట్_రాజు
చార్జర్ గురించి కూడా. ఇలాంటి చవక మెషిన్లలో కొన్ని, రెండు వైపులా సీ ఉన్న కేబుల్‌తో అసలు చార్జే అవ్వవు. పాడైందని రిటర్న్ పెట్టేస్తారు జనం. ఒకవైపు పాత వెడల్పాటి యూఎస్‌బీ ఉన్న కేబుల్, మామూలు 5 వోల్టుల చార్జర్ వాడండి.

లక్ష్మి_ఇంట్లో_ఇద్దరు
రాసిపెట్టుకున్నాను. పెద్దాడు అప్పుడే అడుగుతున్నాడు, సేవ్ స్టేట్ అంటే ఏమిటని.

పిక్సెల్_పంతులు
ఆటని ఉన్నచోట ఉన్నట్టు ఫ్రీజ్ చేసే సదుపాయం. బాస్ ముందు పెట్టుకుని పదిసార్లు ప్రయత్నించొచ్చు. కానీ పోకెమాన్ లాంటి పెద్ద ఆటల్లో ఆట లోపలి సేవ్ కూడా చేయమనండి. ఎమ్యులేటర్ మారినా, వెర్షన్ మారినా సేవ్ స్టేట్ తెరుచుకోకపోవచ్చు. ఆట లోపలి సేవ్ మాత్రం ఎక్కడికైనా పట్టుకెళ్లొచ్చు.

ఓరుగల్లు_వినయ్
అప్‌డేట్. ఆఫీసులో ఒకతని దగ్గర 35 హెచ్, ఇంకొకరి దగ్గర ఎస్‌పీ ఉన్నాయని తెలిసింది. రెండూ పట్టుకుని చూశాను. సిరి గారి పరీక్షలో రెండూ పాస్. ఎస్‌పీ ముచ్చటగా ఉంది కానీ నా చేతుల్లో అగ్గిపెట్టెలా ఉంది, టెక్కెన్‌లో రెండో రౌండ్‌కే మణికట్టు వంకరపెట్టాల్సి వచ్చింది. బాబాయ్ చెప్పిన 4 అంగుళాలకే వెళ్తున్నాను, ఆర్‌జీ40ఎక్స్ఎక్స్ హెచ్. పోకెమాన్ గడ్డి మెలికలు చూశాను పంతులు గారూ, ఉన్నాయి. సర్దుకుపోతాను.

పిక్సెల్_పంతులు
ఇక కళ్లు మూసుకున్నా కనపడతాయి.

బెజవాడ_బాబాయ్
శభాష్ వినయ్. పంతులు మాట పట్టించుకోకు.

ఓరుగల్లు_వినయ్
ఒక చిన్న డౌట్. ఆఫీసతని మెషిన్‌లో టెక్కెన్ నేను చిన్నప్పుడు ఆడినదానికంటే వేగంగా ఉన్నట్టనిపించింది. నా భ్రమా?

పిక్సెల్_పంతులు
భ్రమ కాకపోవచ్చు. మన దగ్గర టీవీలు పాల్ పద్ధతివి, 50 హెర్ట్జ్. ఆ కాలంలో పాల్ ప్రాంతాలకి వచ్చిన చాలా ఆటలు సెకనుకి 60 బదులు 50 ఫ్రేములతో, నల్ల పట్టీలతో నడిచేవి. అమెరికా, జపాన్ వెర్షన్లు 60వి. నీ డిస్క్ యూరప్‌ది ఉంటే మెషిన్‌లో కూడా అదే నెమ్మది వస్తుంది, చిప్‌ని తిట్టుకోకు.

కొత్తగా_చేరాను
నా డిస్కుల నుంచి తీసిన పీఎస్1 ఆటలు ఒక్కోటీ 600 ఎంబీ దాకా ఉన్నాయి, 64 జీబీ కార్డు నిండిపోతోంది. తగ్గించే దారి ఉందా?

సిరి_వైజాగ్
సీహెచ్‌డీ ఫార్మాట్‌లోకి మార్చండి. ఆట నాణ్యత పోదు, సైజు బాగా తగ్గుతుంది, బిన్, క్యూ అని రెండు మూడు ఫైళ్లు ఉన్నచోట ఒక్కటే అవుతుంది. ఒకటి కంటే ఎక్కువ డిస్కుల ఆటలకి ఎం3యూ అని చిన్న టెక్స్ట్ ఫైల్ రాసి అందులో డిస్కుల పేర్లు వరసగా పెడితే మెనూలో ఒకే ఆటగా కనిపిస్తుంది. ఇప్పటికే సగం ఆడిన ఆటైతే ఫైల్ పేరు మార్చొద్దు. రెట్రోఆర్క్ సేవ్ ఫైల్‌ని ఆట ఫైల్ పేరుతోనే వెతుక్కుంటుంది. మార్చాల్సే వస్తే సేవ్ పేరు కూడా అలాగే మార్చండి.